నాలుగు నిమిషాల చీకటి

తెనాలి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి కీర్తనకి,

అమ్మమ్మ కోపంతో రాస్తున్నది. ఆశీస్సులు ఉత్తరం చివర్లో ఉంటాయి, అప్పటికి మిగిలితే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను గొంతు పెంచగానే "అమ్మమ్మా, సిగ్నల్ లేదు" అంటావు. హైదరాబాదులో సిగ్నల్ పోయేది నేను గొంతు పెంచినప్పుడే. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. కూర్చుని చదువు.

నీ "లోగడియ" నిన్న మ్యాట్నీకి చూశాను. పక్కింటి మహాలక్ష్మిని తోడు తీసుకెళ్ళాను. మన కీర్తన తీసిన సినిమా అని పట్టుచీర కట్టుకుని, జంతికల డబ్బా పట్టుకుని మరీ వచ్చింది. ఇంటర్వెల్ దాకా డబ్బా మూత తియ్యలేదు. లైట్లు వెలిగాక నా చెవిలో, "భువనేశ్వరిగారూ, పిల్లకి ఒంట్లో బాగానే ఉంటోందా అండి? ఎవరికైనా చూపించారా?" అంది. నేను ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన మనిషిని, జవాబు తెలియని ప్రశ్నకి నోరు మూసుకోవడం నాకలవాటే.

రక్తం గురించి నీతో పేచీ పెట్టుకోను. ఊళ్ళో మంచివాడని పేరున్న మొగుడు, ఆదివారం మధ్యాహ్నం పెళ్ళాన్ని గదిలో పెట్టి కొట్టడం, ఆఖరికి ఆ పిల్ల రోకలి ఎత్తడం, ఎత్తింది దించలేకపోవడం, అంతా అర్థమైంది. నా గొడవ మధ్యలో పెట్టిన ఆ నాలుగు నిమిషాల గురించి. మొగుడు వంటింట్లో మిక్సీ స్విచ్చు వేస్తాడు. గదిలోకి వెళ్ళి గడియ పెడతాడు. తెర నల్లగా అయిపోతుంది. ఇక బొమ్మ లేదు. మిక్సీ రొద, ఆ రొద అడుగున ఆ పిల్ల గొంతు.

మన తెనాలి వాళ్ళు ఏం చేశారో చెప్పమంటావా? మొదటి అర నిమిషం ఓర్చుకున్నారు. తర్వాత ఎవడో "కరెంటోయ్!" అన్నాడు. "ఒరేయ్ ఆపరేటరూ, నిద్రపోయావా?" అని ఇంకొకడు. ఫోన్లలో టార్చిలైట్లు వేసి తెర మీదికి కొట్టారు. వెనక నుంచి ఓ పెద్దాయన, "ఆ గీమనే సౌండ్ తగ్గించండయ్యా, బాక్సులు పాడైనట్టున్నాయి" అన్నాడు. నాలుగు నిమిషాలూ అదే గోల. ఆ పిల్ల ఏడుపు ఒక్కడికీ వినపడలేదు. బొమ్మ తిరిగొచ్చి, రోకలి లేచి, రక్తం చిందాక హాలంతా ఈలలు! ప్రాణం లేచొచ్చింది వాళ్ళకి. రక్తం వాళ్ళకి అలవాటైన సరుకు. చీకట్లో ఆడమనిషి గొంతు వినపడితే మాత్రం కరెంటు పోయిందనుకుంటారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కంటే నీ మీద ఎక్కువ. రెండేళ్ళ కిందట నీకు కామెర్లొచ్చి నా దగ్గరున్నప్పుడు, ఎరిగినవాళ్ళింట్లో జరిగిందని ఒక సంగతి చెప్పాను. కాలక్షేపానికి చెప్పలేదు, తెరకెక్కించమనీ చెప్పలేదు. ఓటీటీ వాళ్ళు ఆ నాలుగు నిమిషాలు తీసేస్తేనే తీసుకుంటామన్నారనీ, ఇరవయ్యో తారీకులోగా నువ్వు తేల్చాలనీ మీ అమ్మ ఝాన్సీ చెప్పింది. వాళ్ళు చెప్పిందే సబబు. తీసెయ్.

వేళకి తిను. నిద్రపో.

మీ అమ్మమ్మ,
భువనేశ్వరి


బాపట్ల,
బుధవారం సాయంత్రం.

కీర్తనకి,

నీ మెసేజి అందింది. "తియ్యను అమ్మమ్మా. అది నువ్వు చెప్పిందే. విన్నది విన్నట్టే వినిపించాను." పన్నెండు మాటలు కూడా లేవు, నా మూడు పేజీలకి. సరే, ఆ మాటకే వస్తాను. ముందు ఈ ఊరి సంగతి విను.

అన్నమ్మ తెలుసుగా, మా స్కూల్లో లెక్కల టీచరు. కంటికి శుక్లం తీశారంటే చూడ్డానికొచ్చాను. ఇక్కడా నీ సినిమా ఆడుతోంది. అన్నమ్మ కన్ను కట్టుతో ఉంది కాబట్టి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని అడక్కు. తెనాలి వాళ్ళే మొద్దులేమో, బాపట్లలో కాలేజీలున్నాయి కదా అనుకున్నాను.

కాలేజీలున్నాయి. నీ సినిమాలో ఆ మొగుడు గది తలుపు వెయ్యబోయే ముందు, ఎంతో ఆపేక్షగా "భోంచేశావా?" అంటాడే, ఆ మాటకి ఈలలు! రెండోసారి అతను నోరు తెరిచేలోపే హాలు హాలంతా "భోంచేశావా?" అని అరిచింది. ఆడపిల్లలు కూడా నవ్వారు. నా ముందు వరసలో నలుగురు కుర్రాళ్ళు. ఒకడు ఆ మాటని ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడు. వాడి భుజం తట్టాను.

"ఏం బాబూ, అంత బాగుందా?"

"మాస్ డైలాగ్ కదా మామ్మగారూ! ఇన్‌స్టాలో అంతా ఇదే."

"ఎవరితో అంటావు దీన్ని?"

"ఊరికే, ఫ్రెండ్స్‌తో అండి."

"పెళ్ళయ్యాక?"

పక్కవాళ్ళు పకపకా నవ్వారు. వీడు నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఈ ఊళ్ళో నాకు దక్కింది అదొక్కటే.

ఇంటికొచ్చాక అన్నమ్మ ఒంటికన్నుతో నన్ను చూసి, "ఎందుకే భువనా చెప్పులైనా విప్పకుండా కూర్చున్నావు? ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంది. ఎవరూ ఏమీ అనలేదు. నలభై రెండేళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదు. అదే రోగం.

కీర్తనా, విన్నది విన్నట్టే వినిపించానన్నావు. కాదు. నీకు నేను అబద్ధం చెప్పాను, నువ్వు నా అబద్ధాన్ని సినిమాగా తీశావు. అది ఎరిగినవాళ్ళ ఇల్లు కాదు. మనిల్లు. ఆ "భోంచేశావా" మీ తాతయ్య అన్నగారిది, మా బావగారిది. ఆయన పోయి పన్నెండేళ్ళయినా తెనాలి బజారులో ఇప్పటికీ దేవుడులాంటి మనిషి అంటారు. గది లోపల ఉన్నది నా తోడికోడలు శివపార్వతక్క. నువ్వు రేపల్లె వెళ్ళినప్పుడల్లా నీకు సున్నుండలు కట్టిచ్చే పార్వతమ్మమ్మే.

అందరం కలిసే ఉండేవాళ్ళం. ఆదివారం మావాళ్ళ ఎరువుల కొట్టుకి సెలవు. భోజనాలయ్యాక బావగారు ఆ మాట అడిగి అక్కని గదిలోకి తీసుకెళ్ళేవారు. మా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్ భువనా, కొబ్బరిపచ్చడి చెయ్యి" అనేవారు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక పచ్చడెందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. నీ సినిమాలో మిక్సీ వేసేది మొగుడు. మనింట్లో వేసింది నేను. మొదటి రెండు వారాలు నిజంగానే కొబ్బరి వేశాను. ఆ తర్వాత ఖాళీ జారు తిప్పాను.

అప్పటికి నేను హైస్కూల్లో ధ్వని పాఠం చెబుతున్నాను. పెద్ద శబ్దం కింద చిన్న శబ్దం ఎలా మునిగిపోతుందో బోర్డు మీద గీసి చూపించేదాన్ని. ఆ వీధిలో ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మీ తాతయ్య వసారాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు, పేజీ తిప్పకుండా. ఎదురింటావిడ, "మీ ఇంట్లో పచ్చళ్ళ వాడకం ఎక్కువే" అంటే, "పచ్చడి లేందే మావాళ్ళకి ముద్ద దిగదండి" అని నవ్వాను. ఇల్లు వేరుపడేదాకా, ఆరేళ్ళు.

తెనాలి వాళ్ళని తిట్టాను. కరెంటు పోయిందనుకున్నారు పాపం, వాళ్ళకి తెలియదు. నేను తెలిసే చేశాను.

శుక్రవారం నుంచి రేపల్లెలో కూడా వేస్తున్నారట. అక్క చూస్తే ఆ గొంతు ఎవరిదో మొదటి క్షణంలోనే తెలుసుకుంటుంది. అందుకని రేపు రేపల్లె వెళుతున్నాను, ఆవిణ్ణి ఆపడానికి. నువ్వు ఆ నాలుగు నిమిషాలు తీసెయ్. ఇది ఆజ్ఞ కాదు. బతిమాలుకుంటున్నాను. నాకది చేతకాదని నీకు తెలుసు.

అమ్మమ్మ


రేపల్లె,
శుక్రవారం.

కీర్తనా,

నేను ఆపలేకపోయాను. నేను బస్సు దిగి వచ్చేసరికే అక్క టిక్కెట్లు తెప్పించి పెట్టింది. నువ్వే ఫోన్ చేసి తప్పకుండా చూడమన్నావట. "మన పిల్ల సినిమా, మనం చూడకపోతే ఎట్లా? నీ మోకాళ్ళకి మెట్లు పడవు, కింద సీట్లే చెప్పాను" అంది. నిన్న సాయంత్రమంతా చెప్పాలనే చూశాను. దొండకాయలు తరిగాం. ఆవిడ కూతురు దీప్తి బీపీ మాత్రలు మార్చిన సంగతి మాట్లాడుకున్నాం. నా నోరు ఎంత పదునో ఊరంతా చెప్పుకుంటారు. ఆ నోరు పెగల్లేదు.

ఈ పొద్దున ఆటకి వెళ్ళాం. యాభై మందికి మించి లేరు. మొగుడు "భోంచేశావా?" అన్నాడు. నలుగురు నవ్వారు. అక్క చెయ్యి నా చేతి మీద ఉంది, కదల్లేదు. మిక్సీ మొదలైంది. తెర నల్లబడింది. నేను కళ్ళు మూసుకున్నాను, చీకట్లో కళ్ళు మూసుకోవడం ఎందుకో మరి.

అలవాటు ప్రకారం వెనక నుంచి, "ఏంటి బాబూ, బొమ్మ ఏదీ?" అన్నారు. "కరెంట్, కరెంట్!" టార్చిలైట్లు వెలిగాయి.

అక్క లేచి నిలబడింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఎవరినీ ఏమే అని కూడా పిలవని మనిషి.

"కూర్చోండ్రా! బొమ్మ లేదు. చూడ్డానిక్కాదు ఇది, వినడానికి. చెవులున్నాయి కదా, వినండి!"

ఎవడో "ఎవరివే ముసల్దానా" అనబోతే పక్కవాడు "ఉండరా" అన్నాడు. టార్చిలైట్లు ఒక్కొక్కటే ఆరాయి. మిగిలిన మూడు నిమిషాలూ ఆ హాల్లో మిక్సీ రొద, దాని కింద ఆ పిల్ల గొంతు. వినిపించింది. అందరికీ వినిపించింది. నా వెనక సీట్లో ఎవరో ఆడమనిషి ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది. తర్వాత రోకలి లేచినప్పుడు ఈల పడలేదు.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాం. అక్కడ చెప్పాను. స్విచ్చు వేసింది ఆయన కాదక్కా, నేను, అని.

"నాకు తెలీదనుకున్నావా?" అంది. "ఎప్పుడు వేస్తావా అని చూసేదాన్ని. నోరెత్తితే పక్కింటికి వినపడుద్దని ఇంకా కొట్టేవాడు. నువ్వు మిక్సీ వేశాకే నేను గట్టిగా ఏడ్చేదాన్ని."

నేను ఏమనుకున్నానో దాచను. హమ్మయ్య అనుకున్నాను. నలభై రెండేళ్ళకి నాకొక సాకు దొరికింది. అది నా మొహంలో కనపడినట్టుంది.

"సంబరపడకు," అంది. "ఉపకారం చేశావని చెప్పట్లేదు. తలుపుకి నీకూ మధ్య నాలుగడుగులు. ఆ చేత్తో స్విచ్చు వేసేబదులు తలుపు కొడితే ఆగేవాడు. ఆడపిల్లలకి చదువు చెప్పేదానివి, నువ్వంటే వాడికి భయం. నిన్ను నేనేం క్షమించలేదు. నువ్వు వస్తే అన్నం పెడతాను, మంచం వేస్తాను. అది వేరు."

ఇద్దరం ఆటోలో ఇంటికొచ్చాం.

అందుకని ఇప్పుడు విను. ఆ నాలుగు నిమిషాలు తియ్యకు. రెండు ఉత్తరాల్లో నేను రాసింది నా భయంతో రాశాను, ఆవిడ కోసమని పేరు పెట్టాను. ఓటీటీ వాళ్ళు వద్దంటే వద్దననీ. కానీ నీ సినిమాలో ఒక తప్పుంది, అది దిద్దు. మొగుడు మిక్సీ వెయ్యడు. అలాంటివాళ్ళకి ఆ అవసరం రాదు, వెయ్యడానికి ఇంట్లో ఇంకెవరో ఉంటారు. ఒక ఆడమనిషి చెయ్యి చూపించు. చదువుకున్న ఆడమనిషిది, చూపుడువేలికి సుద్దముక్క తెలుపు అంటుకుని ఉన్నది. జారు ఖాళీగా ఉండాలి. కెమెరా పట్టుకుని తెనాలి రా. వేరే ఎవరినో వెతకొద్దు, నా చెయ్యే తియ్యి. మొహం కూడా తీస్తానంటే తియ్యి.

ఇదంతా అక్కకి చదివి వినిపించాను. అయ్యాక, "క్షమించలేదని రాశావా?" అని అడిగింది. రాశానన్నాను.

"అయితే కవరు అతికించు," అంది.

భువనేశ్వరి