గోడ వెంట కమ్మీ

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ ఇల్లూ, నా వడ్రంగి షెడ్డూ, మీ నాన్న కుట్టుమిషనూ అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నీ ఓడ ఏ రేవులో ఉండగా ఈ ఉత్తరం అందుతుందో గానీ, అందేసరికి నువ్వు చల్లగా ఉండాలి.

నువ్వు సముద్రం మీద ఉన్నా నీ చెవులు మన వీధిలోనే ఉన్నట్టున్నాయి. చెక్క కోసే రంపంతో అమ్మ అల్యూమినియం కోస్తోందని కిటికీల మేస్త్రి కూతురు నీకు రాసేసిందన్నమాట. "చేతులు పోగొట్టుకుంటావా?" అని గద్దించావు. ఓడ ఇంజన్ గదిలో పనిచేసేదానివి, నువ్వు కాకపోతే ఎవరు గద్దిస్తారు?

జరిగింది జరిగినట్టే చెబుతాను. పొడవాటి అల్యూమినియం గొట్టం ఒకటి ముక్కలు చేయాల్సి వచ్చింది. చేతిరంపంతో కోస్తే వంకర పోయింది. ఇన్ని తలుపులు చేసిన చేతికి ఇదొక లెక్కా అనుకుని కరెంటు రంపం కింద పెట్టాను. బ్లేడు మార్చలేదు. గొట్టాన్ని క్లాంపుతో బిగించనూ లేదు, ఎడమ చేత్తో పట్టుకున్నానంతే. పళ్లు తగిలీ తగలగానే తోక తొక్కిన కుక్కలా కీచుమంది. గొట్టం నా చేతిలోంచి ఊడి, గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. వేడి రజను మోచేతి మీద చురుక్కుమంది. వేళ్లు తడుముకుని చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

లోపలి గదిలోంచి మీ నాన్న కేకేశారు. "ఏమైందే? పలకవేం?"

"ఏం కాలేదండీ, గొట్టం జారింది."

"గొట్టం సంగతి ఎవడిక్కావాలి? నువ్వెలా ఉన్నావో చెప్పు!"

ఆ గొంతు విన్నాక ఇక రంపం ముట్టలేదు. ప్లగ్గు పీకేసి, రోజూ అల్యూమినియంతోనే పనిచేసే కిటికీల మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

ఆయన సంగతి తెలుసుగా, చీవాట్లు పెట్టకుండా మంచినీళ్లు కూడా ఇవ్వడు. "చెక్క బ్లేడు పళ్లు ముందుకు వంగి ఉంటాయి చెల్లెమ్మా. లోహాన్ని కరుచుకుని లాగేస్తాయి. పళ్లు దగ్గరదగ్గరగా, వంపు లేకుండా ఉండాలి. గొట్టాన్ని పట్టుకోవాల్సింది నువ్వా, క్లాంపా? ముందు రంపప్పొట్టు మొత్తం ఊడ్చెయ్యి. వేడి రజను అందులో పడిందా, నీ షెడ్డు వెలుగు మా ఇంటిదాకా కనిపిస్తుంది!"

తిట్టాడు గానీ, నా రంపం సైజుకీ వేగానికీ సరిపోయే బ్లేడు వెతికి ఇచ్చాడు. పళ్లకు రాయమని మైనం ముక్క కూడా చేతిలో పెట్టాడు.

షెడ్డంతా ఊడ్చాను. ప్లగ్గు పెట్టకముందే బ్లేడు మార్చి, మైనం రాశాను. కళ్లకు అద్దాలు, చెవులకు మూతలు పెట్టుకుని, జుట్టు ముడేసి, చొక్కా చేతులు బిగుతుగా మడిచాను. తిరిగే బ్లేడు దగ్గర చేతితొడుగులు వేసుకుంటే వేళ్లను కూడా లాక్కుంటుందని వాటిని పక్కన పడేశాను. గొట్టాన్ని రెండువైపులా బిగించి, రంపం పూర్తి వేగం అందుకున్నాక మెల్లగా దించాను. తెగాక బ్లేడు ఆగేదాకా పైకెత్తలేదు. ఎంత నున్నగా తెగిందనుకున్నావు! అంచుల పదును ఆకురాయితో తీసేశాను. ఇక నీ బెంగ తీరిందా?

రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు. "నాన్న రెండు ముక్కలైనా రాయరేం?" అన్నావు. తల్లీ, ఇప్పుడు కూర్చుని చదువు. మీ నాన్న మెట్ల మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ప్రాణానికి ఏ ఢోకా లేదు. నీకు రాస్తానంటే, "రాశావంటే నా మీద ఒట్టే. అది ఓడ దూకి ఈదుకుంటూ వచ్చేస్తుంది," అన్నారు. ఇన్నాళ్లూ "నాన్న బాగున్నారు" అని రాసిన ప్రతిసారీ నా కలం మొరాయించింది. ఈ పూట ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

నడవమని డాక్టరు చెప్పినా ఆయన మంచం దిగలేదు. నొప్పికి కాదు. "మళ్లీ పడితే నన్నెత్తబోయి నువ్వు పడతావు. ఇద్దరం మూలనపడితే ఎవరు చూస్తారే?" అని భయం. ఆ గొట్టం అందుకే. మంచం నుంచి బాత్రూం దాకా, అటునుంచి కుట్టుమిషన్ వైపు, గోడ వెంట పట్టుకోవడానికి కమ్మీ బిగించాను. తడి తగిలేచోట చెక్క ఎన్నాళ్లుంటుంది చెప్పు? అందుకని నాకు అలవాటులేని లోహం జోలికి వెళ్లాను.

నిన్న పొద్దున్న నేను పిలవకుండానే లేచారు. కమ్మీని రెండు చేతులా పట్టుకుని, గోడ వైపు తిరిగి, పక్కకు పక్కకు జరుగుతూ వచ్చారు. నుదుటి మీద చెమట. నేను పక్కనే ఉండి చూస్తున్నాను. కుట్టుమిషన్ ఇంకో అడుగు దూరంలో ఉందనగా కమ్మీ అయిపోయింది. గొట్టం అక్కడికే సరిపోయింది మరి.

"రేపు ఇంకో ముక్క కోసి అతికిస్తాలెండి," అన్నాను.

ఆయన ఒక చెయ్యి కమ్మీ మీదే ఉంచి, రెండోది నా వైపు చాచారు.

"వద్దులేవే. అక్కడ నువ్వు నిలబడు."

ఇట్లు,
మీ నాన్న చెయ్యి పట్టుకుని ఉన్న
మీ అమ్మ