నల్ల పెన్‌డ్రైవ్ తుడిచేటప్పుడు

అక్కా,

నువ్వు పని నుంచి వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. టీవీ పక్కన రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టాను. నల్లది నేను మానేసిన స్కానింగ్ సెంటర్ వాళ్లది, రేపు వాళ్ల మనిషి వచ్చి తీసుకెళ్తాడు. ఎర్రదాంట్లో నీ కుట్టు డిజైన్లున్నాయి, దాని జోలికి పోకు.

నల్లదాంట్లో పేషెంట్ల రిపోర్టులున్నాయి. అసలువి సెంటర్లోనే ఉన్నాయి, వీటిని పూర్తిగా తుడిచి ఇమ్మన్నారు. ఎవరి జబ్బు ఏమిటో పదిమందికీ తెలియకూడదు. డిలీట్ కొట్టేసి చేతులు దులుపుకోకు. పోయినసారి అలాగే చేసి పెన్‌డ్రైవ్ పక్కింటావిడకిస్తే, వాళ్లాయన నీ డాన్సు ప్రాక్టీసు వీడియోలన్నీ బయటికి లాగాడు.

ముందు ఫార్మాట్ చెయ్యి. క్విక్ ఫార్మాట్ అని ఉన్నచోట టిక్కు తీసెయ్యాలి, లేకపోతే పైపైన తుడిచి ఊరుకుంటుంది. ఎంతసేపు పట్టినా విసుక్కుని మధ్యలో పీకెయ్యకు. తర్వాత డెస్క్‌టాప్ మీద "అక్క" అని ఒక ఫైలుంటుంది. నల్లదాంట్లో చోటు అయిపోయేదాకా దాన్నే పేరు మార్చి మార్చి కాపీ చెయ్యి. పాతవాటి మీద కొత్తది పడితేనే అవి ఇక ఎవరికీ దొరకవు. నిండాక ఇంకోసారి ఫార్మాట్ చేసి ఇచ్చెయ్యి.

ఆ ఫైలు ఏమిటంటావా, నీ గురక. గురక పెట్టనే పెట్టనని అమ్మ ముందు ఒట్టేశావుగా, అందుకే ఒక రాత్రంతా రికార్డు చేశాను. మన కంప్యూటర్లో అంతకంటే పెద్ద ఫైలు లేదు.

అన్నట్టు, పనయ్యాక ఆ ఫైలు కూడా తీసెయ్యి, నీ పరువు దక్కుతుంది. నా ఫోన్లో ఉన్నది మాత్రం తుడవమని అడగకు. హాస్టల్లో నాకు ఒక్కదానికే గది ఇచ్చారు. నిద్ర పట్టాలిగా.