నకిలీ టిన్ను

డబ్లిన్,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి పైడితల్లిని మనసారా దీవిస్తూ అప్ప గౌరి రాస్తున్న ఉత్తరం.

నువ్వు బాగున్నావనీ, నాన్న దగ్గు తగ్గిందనీ, పిన్ని మోకాలినొప్పి ముదరలేదనీ అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. పదకొండు రోజులుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. నాన్నని అడిగితే, "అది మాటాడదట, నానేటి సేసీది?" అని పెట్టేస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. బెంగపెట్టుకోవద్దని నాన్నకి చెప్పు.

ఇంత రాయడం ఎందుకంటే, ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తావు. ఈ కాగితాలు చించాలనిపిస్తే చించు, కానీ చివరిదాకా చదివాక చించు. బోమాంట్‌లో ఉండే తెలుగు అంకుల్ ఒకాయన గురువారం విశాఖ వెళ్తున్నారు. ఆయన చేతికిచ్చి పంపిస్తున్నాను. నాన్నకి రెండు జతల ఉన్ని మేజోళ్ళు కూడా పెట్టాను, తొడుక్కోమను, దాచుకోవద్దను. ఈసారి నీ కసరత్తు పొడి టిన్ను మాత్రం పెట్టలేదు. అది ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడ చలికాలం దిగిపోయింది. నాలుగున్నరకే చీకటి. చీకట్లో లువాస్ ట్రామ్ ఎక్కి శాండీఫోర్డ్ ఆఫీసుకి పోతాను, చీకట్లోనే వస్తాను. వాన గట్టిగా పడదు, ఆగదు కూడా. ఆఫీసులో వారం వారం కొత్తవాళ్ళని తీసుకుంటున్నారు, ఎవరి పేరూ గుర్తుండటం లేదు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని కదా, రోజంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని ఉండదు. ఇంటికొచ్చి ఇంత పప్పూ అన్నం వండుకుంటాను. ఒక్కోరోజు వండింది వండినట్టే ఉండిపోతుంది. ఇది నాన్నకి చదివి వినిపించకు.

ఇక అసలు సంగతి. చివరిసారి మాట్లాడినరోజు నువ్వన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "ముందు పంపినవి మంచివప్పా. ఇది నకిలీది. రుసి మారిపోనాది. సేతులొణుకుతున్నాయి. స్నాచ్‌లో డెబ్బై కిలోలెత్తినదాన్ని అరవై నాలుగు కాడ ఆగిపోతన్నాను. అమ్మ పోయినాక నీకు మామీద సెద్ద లేదు." ఆ తర్వాత ఇంకో మాట అన్నావు. నేను మంచి టిన్ను పంపకపోతే, వ్యాయామశాలకి వచ్చే ఒకతను కొత్తరకం పొడి తెచ్చిస్తానన్నాడనీ, దాని మీద కాగితం కూడా అంటించి ఉండదనీ, వెయిట్‌లిఫ్టింగ్ సెలక్షన్ల ముందు అదే తాగుతాననీ. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

మర్నాడే పోయి అదే టిన్ను, అదే షాపులో కొన్నాను. ఒక స్కూపు కలుపుకుని తాగి ఆఫీసుకి బయల్దేరాను. నీకు ఏమవుతోందో నాకూ తెలియాలి కదా. రెండు స్టేషన్లు దాటేసరికి చెవుల్లో గుండె చప్పుడు. ఆఫీసులో కీబోర్డు మీద వేళ్ళు నిలవలేదు. మా పైఅధికారి ఐరిష్ ఆవిడ, పెద్దావిడ, నా మొహం చూసి టీ కలిపి తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. ఇక్కడ దేనికైనా ముందు టీ ఇస్తారు. పొద్దున్న ఏం తాగానో చెప్పాను. "మనవలున్నదాన్ని, నాకే భయమేసేలా ఉన్నావు, రేపు డాక్టరు దగ్గరకి పో" అంది. పోయాను. బీపీ చూశాడు, ఫర్వాలేదన్నాడు, ఇంకెప్పుడూ ముట్టుకోవద్దన్నాడు.

మా ఇంట్లో పక్కగదిలో స్రవంతి అని కరీంనగర్ పిల్ల ఉంది, ఇక్కడి యూనివర్సిటీలో ఆహారశాస్త్రం చదువుతోంది. టిన్ను దానికి చూపించాను. వెనకాల ఉన్న చిన్నక్షరాలన్నీ వేలు పెట్టి చదివింది. "ఏం లేదక్కా, కాఫీల ఉండేదే దీంట్ల బాగ ఏసిన్రు. దాంతోని కొందరికి జర్ర హుషారు వస్తది, నిజమే. అందరికి రాదు. మీ చెల్లెలసుంటోళ్ళకి గుండె దడ, చేతులొణుకుడు. మిగిలిన కొత్తకొత్త పేర్లు పనిచేస్తయో లేదో గట్టిగ చెప్పెటోడు లేడు. ఇంక డబ్బా మీద రాయనియి కూడ కొన్నిట్ల కలుపుతరు. అట్లాంటిది తాగి టెస్టుల దొరికితే ఆటనే బంద్ అయితది" అంది. అందుకే ఆ కాగితంలేని పొడి ముట్టుకోవద్దని నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. పెద్దదాన్ని, అయినా పట్టుకుంటున్నాను.

ఇప్పటిదాకా రాసింది చెప్పడం తేలిక. ఇక రాసేది అమ్మకి ఇచ్చిన మాట తప్పి రాస్తున్నాను.

నిరుడు మొదటి టిన్ను వచ్చినప్పుడు నాలుగు రోజులు తాగావు, గుర్తుందా? నీ చేతులు వణికి, గ్లాసు జారి నేలన పడింది. నిద్ర పట్టక గడపలో కూర్చున్నావు. అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఒలే గౌరీ, దీనికి సేతులొణికిపోతన్నాయే. గుండె మీద సెయ్యేత్తే గంతులేస్తంది. ఇదేటి మందే, తల్లీ?" అంది. నేనేమన్నానో తెలుసా? "నీకేం తెలుసమ్మా, ఇక్కడ అందరూ ఇదే తాగుతారు, రెండ్రోజుల్లో అలవాటవుతుంది" అన్నాను. నాకూ తెలీదు. టిన్ను మీద బొమ్మ చూసి కొన్నాను.

అయిదో రోజునుంచి నీకు వణుకు తగ్గింది. ఒళ్ళు అలవాటు పడిందని నువ్వు సంబరపడ్డావు, నేనూ నా మాటే నెగ్గిందనుకున్నాను. ఆ తర్వాత నీ బరువులు పెరగడం మొదలైంది. జిల్లా పోటీల్లో మెడల్ వచ్చింది. వ్యాయామశాల మాస్టారి దగ్గరా, తోటిపిల్లల దగ్గరా, "మా అప్ప ఐర్లాండు నుంచి పంపిన పొడి" అని చెప్పుకున్నావు. నేను రెండేసి నెలలకో టిన్ను పంపుతూ పోయాను.

మొన్న ఆషాఢంలో అమ్మ నన్ను ఒకటి అడిగింది. కోకో పొడి పంపమంది. కేకు చేస్తావా ఏంటమ్మా అని నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఉన్నదంతా చెప్పేసింది. "ఆ పొడి నాను ఆ అయిదోనాడే పారబోసేసినానే. సోళ్ళూ, ఉలవలూ, నువ్వులూ యేయించి, ఇసిరి, తాటిబెల్లం కలిపి ఆ టిన్నులోనే పోసినాను. రంగు కోసరం బజార్లో సాక్లెట్టు పొడి కలుపుతన్నాను, అది సాలటం లేదు. నువ్వు పంపినవి పంపినట్టే పెరటి కాలవలో పోసేస్తన్నాను. దానికి సెప్పకే, నా తల్లివి కదూ. ఆ టిన్ను సూసే అది బరువెత్తుతంది."

పొద్దున్నే పరుగుకి పోయి వచ్చేసరికి గ్లాసు కలిపి ఉండేది కదా. నిన్నెప్పుడూ టిన్ను ముట్టుకోనిచ్చేది కాదు. మూత తీస్తే గాలి తగిలి పాడవుతుందనేది. పైడీ, ఒక్కసారి ఆలోచించుకో.

నాకు కోపం వచ్చింది. ఇంత దూరంనుంచి మోసి పంపిస్తుంటే కాలవలో పోస్తావా అని అరిచాను. ఆ తర్వాత పదిరోజులు అమ్మతో మాట్లాడలేదు. మళ్ళీ మాట్లాడాను, నవ్వించాను కూడా. కానీ ఆ పదిరోజులు నన్ను తింటున్నాయి. ఇంకో మూడు వారాలకి జ్వరమని పడుకుంది, మూడోరోజుకి లేదు. ఇక్కడ ఉండనిచ్చే నా కార్డు గడువు దాటి, కొత్తది చేతికి రాక, దేశం దాటితే తిరిగి రానివ్వరేమోనన్న భయంతో నేను ఇక్కడే ఉండిపోయాను. కోకో పొడి పొట్లం పార్సెల్ కట్టి పెట్టి ఉంది. వంటింటి ప్రెస్‌లో, అంటే ఇక్కడివాళ్ళు అల్మరాని అలాగే అంటారు, కప్పుల వెనకాల ఇంకా అలాగే ఉంది. తీస్తే పారేయలేను, వాడలేను.

అమ్మ పోయాక ఆ టిన్నులో మిగిలింది నువ్వే కలుపుకున్నావు. ఉండలు కడుతోంది, అమ్మలా కలపడం రావట్లేదు అన్నావు ఫోన్లో. నేను గోడవైపు తిరిగి విన్నాను. అది అయిపోవచ్చాక, అమ్మ పారబోయకుండా మిగిలిపోయిన కొత్త టిన్ను విప్పావు. అదే నకిలీదన్నావు. కాదే. నువ్వు మొట్టమొదట నాలుగు రోజులు తాగింది, ఇప్పుడు తాగుతున్నది, రెండూ అసలువే. మధ్యలో తాగినదంతా నకిలీ. డెబ్బై కిలోలు ఎత్తింది ఆ నకిలీ తాగే. ఆ పిండిలో మహత్తు ఉందని నేను చెప్పను, స్రవంతిని అడిగితే అదీ తిండేనంటుంది. పొద్దున్నే పరిగెత్తింది నువ్వు, అరచేతులు చీల్చుకున్నది నువ్వు. ఇప్పుడు అరవై నాలుగు దగ్గర ఆగడానికి టిన్ను ఒక్కటే కారణమనుకోకు. మూడు నెలలుగా నువ్వు సరిగ్గా తిన్నావా? నిద్రపోయావా? నేనే పోవడం లేదు.

కొత్త టిన్ను కాలవలో పోసెయ్. అతనిచ్చే పొడి గడప లోపలికి రానివ్వకు. మాస్టారికి ఈ ఉత్తరం చూపించు, సెలక్షన్లకి ఏం తినాలో ఆయన చెప్తారు. ఆ పిండి ఇక్కడ చేద్దామని చూశాను. పాళ్ళు తెలీవు. ఎంతెంత వెయ్యాలమ్మా అని ఆరోజు అడగలేదు, అరిచాను కదా.

నాన్నకీ, పిన్నికీ నా నమస్కారాలు. మాస్టారికి పాదాభివందనం చేశానని చెప్పి, నన్ను కూడా ఒకసారి దీవించమను. నామీద కోపం తీరకపోయినా సరే, చేరిందని ఒక్క ముక్క రాయి.

పాత టిన్ను అడుగున రెండు స్కూపులు ఉన్నాయనీ, మంచిది కనక సెలక్షన్ల రోజుకి దాచాననీ అన్నావు. సరిగ్గా అలాంటిదే ఇంకోటి పంపమన్నావు. మూత తీసి వాసన చూడు, కోకో కింద వేయించిన ఉలవల వాసన తెలుస్తుంది. అలాంటిది ఇక్కడ దొరకదమ్మా. ఆ రెండు స్కూపులే ఉన్నాయి.

ఇట్లు,
నీ మంచి కోరే అప్ప,
గౌరి