కుడి పక్క సాలు

చైత్ర శుద్ధ విదియ, మంగళవారం
వనపర్తి వైద్యుడు రెండు పనులు చెప్పాడు. రోజూ ఒక బారెడు తాడు పేనాలి. రోజూ రెండు ముక్కలు రాయాలి. అప్పుడు వేళ్లకు ప్రాణం వస్తుందట. మాఘంలో ఎర్ర కోడె గుంజినప్పుడు పగ్గం కుడి చేతికి చుట్టుకుంది. చివరి రెండు వేళ్లు అప్పటినుంచి వంగడం లేదు. చిన్నప్పుడు ఇసుకలో దిద్దిన అక్షరాలు, ఇన్నేళ్లకు మళ్లీ పట్టాను. కొత్త కోడెల మాదిరి పక్కకు పోతున్నాయి. పోనీ. చదివేది నేనే.

తదియ, బుధవారం
రాశాను. చాలు.

పంచమి, శుక్రవారం
మృగశిరకు రెండు నెలలు. విత్తే గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ పోయడం ఈ ఊళ్లో ఆడవాళ్ల పని. మా ఇంట్లో నాది. మా అమ్మ నేర్పింది. నవ్వినవాళ్లు నవ్వారు, నా సాలు చూసి నోరు మూశారు. ఆ చెక్క గిన్నెలోంచి మూడు గొట్టాలకూ గింజ సమంగా జారాలి. అంతా వేళ్లలో ఉంది. చిటికెన వేలు కదలకపోతే కుడి గొట్టం ఖాళీ. కుడి పక్క సాలు మొలవదు. కోతల దాకా ఊరంతా ఆ బోడి సాలును చూస్తుంది.
"ఈ ఒక్క ఏడు నేను పోస్త. నీదేం పోతది?" అంది ఈరమ్మ. నలభై ఏళ్ల కాపురం. అయినా అడుగుతుంది.
ఎద్దులకు నీళ్లు పెట్టాలని లేచాను.

దశమి, బుధవారం
జనుము నార. తొడ మీద పెట్టి అరచేత్తో పేనడం. ఒకచోట బొటనవేలంత లావు, ఒకచోట దారం. ఈరమ్మ ఎత్తి చూసింది. "ఏందయ్యా గిది? తాడా, ఎలుకను మింగిన పామా?" కోడలు సవారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తాడుతోనే దూడను కట్టాను. మధ్యాహ్నానికి తెంపుకుని పాలన్నీ తాగేసింది.
నియమం పెట్టుకున్నాను — తాడు పేనందే అంబలి ముట్టను.

ఏకాదశి, గురువారం
ఆకలి. తొందరగా పేనాను.

చైత్ర బహుళ విదియ, గురువారం
ఉట్టి అల్లాను. దూలానికి కట్టాను. కుండ నిలిచింది. ఖాళీ కుండ. పెరుగు కుండ అడిగితే ఈరమ్మ, "నా పెరుగు నేల పాలు చెయ్యకు" అంది.

బహుళ అష్టమి
ఇది ఎవరికీ చెప్పేది కాదు. మూడు రోజులుగా ఎడమ చేత్తో పేనుతున్నాను. సన్నగా, సాఫుగా వస్తోంది. ఈరమ్మ మెచ్చుకుంది. మెచ్చుకుంటుంటే కాదనడం ఎందుకు... ఇక మంచం అల్లుతాను.

వైశాఖ శుద్ధ తదియ, శుక్రవారం
మంచం అయింది. వాకిట్లో వేశాను, పోయేవాళ్లకు కనబడాలని. గోపాల్‌పేట నుంచి బావమరిది కిష్టప్ప వచ్చాడు. వచ్చీ రాగానే — "చెల్లెకియ్యరాదు బావా, జడ్డిగం? ముసలోనివైతివి." నా చేతి పని మీద కూర్చుని మాట్లాడమన్నాను.
కూర్చున్నాడు. నడుమ తెగి నేల మీద కూర్చున్నాడు. కాళ్లు మాత్రం మంచం మీదున్నాయి.
"మంచం మంచిగనే ఉంది బావా. ఎత్తే జర తక్కువైంది."
లేపడానికి కుడి చెయ్యి ఇచ్చాను. పట్టు జారింది. మళ్లీ కూర్చున్నాడు.
ఈరమ్మ నవ్వి నవ్వి, తర్వాత ముడి దగ్గర తాడు పట్టుకుని చూసింది. నవ్వు ఆగింది. సగం తాడు కుడి చేతి పురి, సగం ఎడమ చేతి పురి. రెండూ కలిపి ముడేస్తే బరువు పడగానే ఒకదాన్నొకటి విప్పుకుంటాయి. పేనేవాడికి ఎవడికైనా తెలుసు. నాకూ తెలుసు. మెప్పులో పడి మరిచాను.
"ఎవరిని మోసం చేస్తున్నవయ్యా? నన్నా, నీ వేళ్లనా?"
కిష్టప్ప మూతి మూయించడానికి ఇంట్లో ఉన్న ఒక్క కోడినీ కోయాల్సి వచ్చింది.

పంచమి
మంచమంతా విప్పాను. కుడి చేత్తోనే. బారెడు తాడుకు పొద్దు నడినెత్తికి వచ్చింది. అంబలి పులిసింది. తాగాను.

వైశాఖ పున్నమి, బుధవారం
ఈరమ్మ గొర్రు దించి వాకిట్లో నిలబెట్టింది. గొట్టాల కింద మూడు చేటలు పెట్టింది. జడ్డిగంలో ఇసుక పోయమంది. పోశాను. ఎడమ చేటలో కుప్ప, నడుమ చేటలో కుప్ప. కుడి చేటలో పిచ్చుక దులుపుకున్నంత.
నవ్వుతుందనుకున్నాను. నవ్వితేనే బాగుండేది. ఇసుక ఎత్తి మళ్లీ గిన్నెలో పోసింది. "రోజూ పొయ్యాలె. తాడు అయినంక," అంది.
ఇప్పుడు మూడు నియమాలు. వైద్యుడు రెండే చెప్పాడు.

బహుళ చవితి
ఇసుక. తాడు. ఇది.

బహుళ దశమి, శనివారం
రోహిణి ఎండ. కుడి చేటలో కుప్ప సగానికి వచ్చింది. చిటికెన వేలు మడిచి చూపించాను. సవారమ్మ, "మామా, ఇంకొక్కసారి," అంది. ఇంకోసారి మడవలేదు. ఒకసారి చూసింది కదా.
మంచం మళ్లీ అల్లాను, అంతా ఒకే పురి. ఈరమ్మ కూర్చుంది. లేచింది. జరిగి మళ్లీ కూర్చుంది. లోపలికి పోయి పెరుగు కుండ తెచ్చి ఉట్టిలో పెట్టింది.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి, మంగళవారం
మృగశిర. వాన. చేను తడిసింది. రేపే.
ఈరమ్మ జొన్నలు చెరిగి నా ఒడి సంచిలో పోసింది. తన సంచి కొక్కానికే ఉంది.

సప్తమి, బుధవారం
విత్తాం. కొడుకు తిమ్మడు ఎద్దులు తోలాడు, జడ్డిగం మీద నా చెయ్యి. ఈరమ్మ గట్టు మీద ఉత్త చేతులతో కూర్చుంది. పది సాళ్ల దాకా వేళ్లు నా మాట విన్నాయి. గింజ మూడు గొట్టాల్లో ఒకే తీరు చప్పుడు. తర్వాత చిటికెన వేలు మొద్దుబారింది. విదిలించాను. మళ్లీ కదిలింది. ఆ నడుమ ఎన్ని అడుగులు ఖాళీగా పోయాయో తెలియదు. కొడుకును ఆగమనలేదు. ఆగమనాల్సింది.
తిమ్మడు ఎద్దులనే చూశాడు. ఈరమ్మ నన్నే చూసింది.
"మంచిగ పడ్డదా?" అంది ఇంటికొచ్చాక.
"పడ్డది," అన్నాను.

దశమి, శనివారం
తాడు. ఎద్దుల పగ్గం ఒకటి అయింది. కిష్టప్పకు పంపుతాను. లాగి చూసుకోనీ.

ఏకాదశి, ఆదివారం
రేపు మొలక తేలుతుంది. పొద్దుటి నుంచి ఈరమ్మ నా ముఖం చూడకుండా పని చేస్తోంది. ఇందాక కొంగు చివర పిడికెడు జొన్నలు మూట కట్టుకుంది. సాళ్లలో సందులుంటే ఎవరూ చూడకముందే పెట్టాలని. అందుకు కాక మరి దేనికి?
చూశాను. చూశానని ఆమెకూ తెలిసింది.
"కోళ్లకు," అంది.
కోళ్లు లేవు.
రేపు నాకంటే ముందు లేచి చేనికి పోతుంది. నేను ఇంకా ముందు లేస్తాను. తాడు నడుస్తూ పేనుకోవచ్చు. జొన్నలు ఒక పిడికెడు నేనూ పంచె చెంగున కట్టుకున్నాను — ఊరికే.