సాహితి పుస్తకం మీద అమ్మ పేరు

చెల్లెలు శివలీలకు బేతంచెర్ల నుంచి అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ బావ, నేను, నీ కూతురు సాహితి ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ఆ పెద్దామె హన్నా కూడా బాగుండాలి. ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఆమె బెదిరిపోతుందని నువ్వు ఫోన్‌లో గుసగుసలాడతావు, వినబడక నేను అరుస్తాను. ఆ విసుగు పడలేకే, సెలవు అయిపోయి ఇజ్రాయెల్‌కు తిరిగి వస్తున్న కడప శివజ్యోతి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నీ జాబు ముందర పెట్టుకుని, అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తున్నాను.

మొదటిది రొట్టె సంగతి. హన్నా దిండు కింద ఎండిన రొట్టె ముక్కలు దాస్తోందంటే, చీమలు పడతాయి, అన్నీ తీసి పారేయమని పోయిన ఉత్తరంలో నేనే రాశాను. ఇల్లు శుభ్రం తప్ప ఇంకేదీ తోచని బుద్ధి నాది. నువ్వు పారేసిన రోజు ఆమె మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదని చదివి నా మీద నాకే ఒళ్ళు మండింది. యుద్ధం రోజుల్లో యూదుల పిల్ల కనబడితే జర్మన్ సైనికులు చంపేస్తారని, ఆరేళ్ళ వయసులో పోలండ్‌లో ఒక రైతు ఇంట్లో బంగాళాదుంపల గుంతలో ఇరవై రెండు నెలలు దాగిన మనిషి అని అప్పుడు నాకు తెలియదు. దగ్గు వస్తే గోనెసంచి నోట్లో కుక్కుకునేదన్నావు. ఇకమీదట ఇలా చెయ్యి. ఆమె చూస్తుండగానే పాతవి తీసి, ఎన్ని తీశావో అన్ని కొత్త ముక్కలు పెట్టు. డబ్బాలో పెడతానని మాత్రం అనొద్దు. చేతికందే చోటే ఉండాలి.

రెండోది తలుపు. గంట మోగితే ఆమె వచ్చి నీ నోరు మూస్తుందని, నువ్వు చెయ్యి విదిలించుకుని తర్వాత ఏడ్చావని రాశావు. నేనైతే ఇంకా ఎక్కువే విసుక్కునేదాన్ని, నీకేం నీతులు చెప్తాను? ఆ గంట తీయించెయ్. వచ్చేవాళ్ళను ముందుగా ఫోన్ చేయమను.

మూడోది సాహితి. మీ ఆయన పోయాక రెండున్నరేళ్ళ పిల్లను నా ఒళ్ళో పెట్టి వెళ్ళావు. నువ్వు వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. ఫోన్‌లో అది నిన్ను ఏమీ పిలవకుండా ‘ఆ, ఊ’ అంటుందెందుకని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. సిగ్గు అని రాస్తూ వచ్చాను. ఈసారి కూడా అదే రాసి, ఆ కాగితం చించేశాను.

నీ జాబులో చివరి పేజీ నాలుగుసార్లు చదివాను. యుద్ధం అయిపోయాక హన్నా తల్లి ప్రాణాలతో వెతుక్కుంటూ వచ్చిందట. అప్పటికే ఆ రైతు భార్య, యుద్ధం ముగియక ముందే పిల్లను గుంతలోంచి పైకి తీసి, మరియా అని పేరు మార్చి, తన చెల్లెలి కూతురని ఊళ్ళో చెప్పుకుందట. పిల్ల ఆమెనే అమ్మా అంటోందట. కన్నతల్లిని చూసి రైతు భార్య వెనక నక్కి, “నేను మరియాను, ఈమెవరో నాకు తెలీదు” అందట. ఆ ముక్క చదివాకే, సిగ్గు అని రాసిన కాగితం చించేశాను శివలీలా.

పోయిన జూన్‌లో సాహితిని ఒకటో తరగతిలో చేర్చడానికి పోతే బడి గుమాస్తా, “తల్లి యాడుండాదమ్మా? ఆయమ్మ వేలిముద్ర పడల్ల” అన్నాడు. దూరదేశంలో ఉందంటే, “అట్లయితే పిల్ల నీ కాడుండాదని మండలాఫీసు నుంచి కాగితం తీస్కరా” అన్నాడు. దానికోసం రెండుసార్లు తిరిగాను. మూడోసారి మీ బావ, “నీ వేలే పెట్టెయ్‌మే, పెద్దమ్మ తల్లి కాదా!” అన్నాడు. పెట్టేశాను. తల్లి పేరు దగ్గర నా పేరు, భీమక్క అని పడింది.

టీచరు ఆ పేరే పుస్తకం అట్ట మీద రాయించింది. పిల్ల తన లెక్క తాను వేసుకుంది. అమ్మ నేనైతే, ఫోన్‌లో మాట్లాడేది పిన్ని. ఆ మాట నీ ముందు జారుతుందని భయపడి, “ఏమీ పిలవకుండా మాట్లాడు” అని నేర్పింది నేనే.

హన్నా పేరు మార్చకపోతే చంపేసేవాళ్ళు. సాహితి కోసం ఇక్కడ ఎవరూ కత్తి పట్టుకుని తిరగలేదు. ఇంకోసారి ఆఫీసు మెట్లెక్కే ఓపిక లేక నేను మార్చాను. అది నన్ను అమ్మా అంటే బాగుండి ఊరుకున్నాను కూడా. అదీ రాయకపోతే నీకు సగమే చెప్పినట్టు.

ఆదివారం దాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పాను.

“అట్ట మీద నీ పేరే ఉండాది కదా?” అంది.

“నేను రాయించింది అబద్ధం పాపా.”

“మొన్న నేను అబద్ధం చెప్తే మొట్టికాయ ఏసినావే! నీకెవురు ఏస్తారు?”

“మీ అమ్మ వచ్చి ఏస్తాది.”

“వస్తే రానీ. నేను మాత్రం ఆయమ్మతో పోను” అని లేచిపోయింది.

పేరు సరిచేయాలంటే తల్లి స్వయంగా రావాలట. అర్జీ నింపి, నీ సంతకం పడాల్సిన నాలుగు చోట్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. సెలవు ఎప్పుడిస్తారో ఈ వారమే అడుగు. నన్ను తిట్టాలనుకుంటే గుసగుసగా వద్దు, వీధిలోకి వచ్చి గట్టిగా తిట్టు. పడతాను.

ఇంకొకటి. హన్నా నెమ్మదిగా ఉన్న పూట చూసి అడుగు. ఆ రోజు వాళ్ళమ్మ తిరిగి వెళ్ళిపోయిందా, గుమ్మంలోనే కూర్చుందా? పిల్ల మళ్ళీ అమ్మా అనడానికి ఎన్నాళ్ళు పట్టింది? ఆ రైతు భార్య ఏం చేసింది? ఏం చెయ్యకుండా ఉండాల్సింది? హన్నా చెప్పిన మాట నాకు త్వరగా రాయి. నువ్వొచ్చేలోగా పిల్లను నీకు దగ్గర చేసే పని ఇక్కడ నేను మొదలుపెట్టాలి.

ఇట్లు,
నీకు అక్క, సాహితికి పెద్దమ్మ,
భీమక్క