పార్కు బురుజు ఎక్కిన మన బిడ్డ

యాదమ్మా,

పాలమూరు పార్కులో మనం కట్టిన బురుజును రేపు కూల్చేస్తున్నారు. మెట్లు బీటలు వారాయట. మన తెలంగాణ ఆంధ్రతో కలిసిన ఏడాది నేను మేస్త్రీగా, నువ్వు రాళ్లు మోస్తూ పని మొదలుపెట్టాం. పైకెక్కి ఊరంతా చూడమని జనాన్ని రానిచ్చేనాటికి జ్వరంతో నువ్వు పోయావు. ఆ తర్వాత నేనటు పోలేదు.

అప్పటి చంటిపిల్ల లక్ష్మికి ఇప్పుడు పదేళ్లు. ఈరోజు ఎక్కుతానని పట్టుబట్టింది. కావలివాణ్ణి బతిమాలి తీసుకెళ్లాను. పైకెక్కినా పిల్ల ఊరివైపు చూడలేదు.

"అమ్మ మోసిన రాయేది బాపూ?" అంది.

నాకేం తెలుసు? చేతికందిన రాయి చూపించి, "గిదే బిడ్డా" అన్నాను.

దానిమీద చెయ్యి పెట్టింది. కిందికి పోదామని రెండుసార్లు పిలిచినా తీయలేదు.