మూడో బందు మీద ఎర్ర గీత

మరిదీ,

షెడ్డు తలుపు తీయగానే ముందు ఇది చదువు, ఆ తర్వాతే స్పానర్ పట్టుకో.

నువ్వు కడుతున్న విమానం తోక చుక్కానికున్న మూడు బందుల్లో కిందిది విప్పేశాను. బల్ల మీది డబ్బాలోంచి కొత్త లాక్ నట్టు తీసుకో. బోల్టు తల పైకి ఉండాలి. అప్పుడు నట్టు ఊడినా బోల్టు జారిపోదు. నువ్వు తలకిందులుగా దూర్చావు. నట్టుకీ రేకుకీ మధ్య వాషర్ వెయ్యి. బిగించాక చుక్కాని వేలితో తోస్తే తిరగాలి, అలాగని లొడలొడలాడకూడదు.

నట్టు మీద ఎర్ర గీత మాత్రం గీయకు. మా బస్ డిపోలో బిగించినవాడు గీత గీయడు, సరిచూసినవాడు గీస్తాడు. పై రెండు బందులూ చూసి గీసింది నేను. మూడోదాన్ని నేను చూడకముందే దాని మీదా గీత పడి ఉంది. నా గోళ్ల రంగు సీసా జిగురు డబ్బా పక్కకి ఎలా చేరిందో ఇప్పుడర్థమైంది. ఆ నట్టు నా వేళ్లతోనే ఊడొచ్చింది, బాబూ.

రెండేళ్లు చెక్కతో కుస్తీ పట్టినవాడివి, ఆదివారమే ఎగరాలని తొందరుంటుంది, కాదనను. కానీ వెనక సీట్లో కూర్చునేది మీ అన్నయ్య. తమ్ముడు బిగించాడంటే చాలు, ఆయన ఇంకేమీ చూడడు. అందుకే నేను చూస్తున్నా.

డ్యూటీ దిగి ఆరింటికల్లా వస్తాను. టీ ఫ్లాస్కులో ఉంది.

వదిన

పాత నట్టు కోసం వెతక్కు, నా జేబులో ఉంది. గీత అచ్చం నాలాగే గీశావు. నేనే చూశాననుకుని వదిలేయబోయాను.